డిసెంబర్‌లో ట్రింకోమలీకి అడ్వాన్స్ కట్టకండి

ప్రశ్న: మేం చెన్నై మొగప్పేర్‌లో ఉంటాం, సొంతూరు నెల్లూరు దగ్గర. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కలిసి శ్రీలంక వెళ్దామని రెండేళ్లుగా అనుకుంటున్నాం. అత్తగారికి ట్రింకోమలీలో శాంకరీదేవి దర్శనం కావాలి. పిల్లలకు సముద్రం, ఏనుగులు. మావారికి టీ తోటల మధ్య వెళ్లే రైలు, కుదిరితే సీతమ్మవారి గుడి కూడా. ట్రావెల్స్ అతను డిసెంబర్ ఆఖరి వారానికి ఆరు రోజుల ప్యాకేజీ ఇచ్చాడు: కాండీ, నువర ఎలియ, ఆ తర్వాత ట్రింకోమలీ బీచ్ రిసార్టులో రెండు రాత్రులు. "శ్రీలంక ఆల్ సీజన్ మేడం" అంటున్నాడు. మా చిన్నాన్న కూతురు పోయిన డిసెంబర్‌లో వెళ్లి నాలుగు రోజులు తడిసి వచ్చింది. మావారి ఆఫీసులో ఒకాయన జూలైలో వెళ్లారు, మాన్సూన్ టైం అని అందరూ భయపెట్టారు, ఆయన ఫోటోల్లో ఒక్క మబ్బు లేదు. ఇంటర్నెట్‌లో చూస్తే డిసెంబర్ నుంచి మార్చి బెస్ట్ అంటున్నారు. ఇందులో ఎవరి మాట నమ్మాలి? మాకు కుదిరేవి క్వార్టర్లీ సెలవులు, డిసెంబర్ ఆఖరు, మే నెల. అడ్వాన్స్ ఈ వారమే కట్టాలట, ఒకటే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు ఒక మాట. ఆ అడ్వాన్స్ కట్టకండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ట్రావెల్స్ అతను మంచివాడే కావచ్చు, కానీ డిసెంబర్ ఆఖరి వారంలో ట్రింకోమలీ బీచ్ రిసార్ట్ అంటే విమానం ఎక్కి, డబ్బు పోసి, కిటికీలోంచి వాన చూడటానికి వెళ్తున్నట్టు. వాన మొగప్పేర్‌లోనూ చూడొచ్చు, పైగా ఇంట్లో అయితే బజ్జీలు కూడా ఉంటాయి.

మీ చెల్లెలు చెప్పింది నిజమే. ఆఫీసాయన ఫోటోలూ నిజమే. ఇంటర్నెట్ చెప్పింది కూడా అబద్ధం కాదు. ముగ్గురూ ఒకే దేశానికి వెళ్లారు, ఒకే చోటికి వెళ్లలేదు, అంతే తేడా. మీ చెల్లెల్ని ఎటు తిరిగిందో అడగండి, తూర్పు వైపో, అనురాధపురం వైపో అయ్యుంటుంది. ఆఫీసాయన ఫోటోలో వెనకాల సముద్రం నీలంగా అద్దంలా ఉందంటే అది తూర్పు తీరాన ట్రింకోమలీయో అరుగంబేయో అయ్యుంటుంది, ఎందుకంటే జూలైలో నైరుతి మూలనున్న గాల్ వైపు సముద్రం ఆ రంగులో ఉండదు, బురద కలిపినట్టు ఉండి అలలు మనిషెత్తు లేస్తుంటాయి.

ఇది అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చెన్నైలో నాలుగేళ్లున్న మనిషికి సగం తెలిసిపోయే ఉంటుంది. జూన్‌లో టీవీలో కేరళ అంతా కుంభవృష్టి అని చూపిస్తుంటారు, అదే రోజు మనం ఇక్కడ సంపులో నీళ్లు అడుగంటి ట్యాంకర్‌కి ఫోన్ చేస్తుంటాం. మనకు వాన అంటే ఐప్పసి నెల, దీపావళి టపాకాయలు తడిసిపోయే రోజులు. చెన్నైలో ఏడాదికి పడే వానలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే పడిపోతుంది. నైరుతి కేరళది, ఈశాన్యం మనది, మధ్యలో పడమటి కనుమలు గోడలాగా అడ్డం. ఇప్పుడు కేరళనూ చెన్నైనీ తీసి ఒక చిన్న దీవి మీద వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టండి, అదే శ్రీలంక. పై నుంచి కిందికి సుమారు 430 కిలోమీటర్లు, అంటే చెన్నై నుంచి విజయవాడ అంత. అడ్డంగా ఎక్కువున్న చోట 220 చిల్లర. నడుమ కాస్త దక్షిణానికి కొండల గుంపు, అందులో ఎత్తైన పిదురుతలాగల 2,524 మీటర్లు. ఆ కొండలే ఆ దేశపు కనుమలు.

మే నుంచి సెప్టెంబర్ దాకా గాలి నైరుతి నుంచి వస్తుంది. కొలంబో, గాల్, రత్నపుర, కొండల పడమటి వాలు తడిసి ముద్దవుతాయి, కొండల పడమటి ముఖాన కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది, అంటే చెన్నైకి మూడు రెట్ల పైన. అదే గాలి కొండ ఎక్కి దిగి తూర్పుకు చేరేసరికి నీళ్లన్నీ అవతలే కుమ్మరించేసి, పొడిగా, సెగలాగా దిగుతుంది. బట్టికలోవా వైపు దాన్ని కచ్చాన్ గాలి అంటారు, మన ఊళ్లల్లో వడగాలికి తమ్ముడనుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇదంతా తిరగబడుతుంది. ఈశాన్యం గాలి బంగాళాఖాతం మీదుగా మన నెత్తి మీద పడ్డట్టే ట్రింకోమలీ మీదా పడుతుంది, పడమటి తీరం మాత్రం ఎండ కాస్తూ హాయిగా ఉంటుంది. మార్చి-ఏప్రిల్, అక్టోబర్-నవంబర్ అటూ ఇటూ కాని నెలలు: పొద్దున తెల్లగా తెల్లవారుతుంది, మధ్యాహ్నం రెండు మూడింటికి నల్లటి మబ్బు లేచి ఉరుములతో దంచి, రాత్రికి ఏమీ ఎరగనట్టు నక్షత్రాలు కనబడతాయి. అందులోనూ అక్టోబర్-నవంబర్ ఎక్కువ తడి, మన చిత్త, స్వాతి కార్తెల లాగే, దాదాపు దేశమంతా తడుస్తుంది.

అక్కడి రైతులు కూడా ఏడాదిని ఈ రెండు గాలులతోనే పంచుకున్నారు. ఈశాన్యం వానతో వేసే పెద్ద పంట మహా, నైరుతి కాలంలో వేసేది యాల. మన గోదావరి వాళ్ల సార్వా, దాళ్వా లెక్కన్నమాట. దేశంలో మూడింట రెండు వంతుల పైన నేల పొడి మండలమే, సినిమాల్లో చూసే పచ్చదనమంతా నైరుతి మూలదీ కొండలదీ. ఆ పొడి నేలలో ఒక్క వానాకాలం నీళ్లు ఏడాదంతా దాచుకోవాలి కాబట్టే అనురాధపురం, పొలొన్నరువ రాజులు అంతంత చెరువులు తవ్వించారు. మీ నెల్లూరు వాళ్లకు చెరువు కట్ట విలువ నేను చెప్పక్కర్లేదు.

ఈ తేడా కళ్లారా చూడాలంటే మీవారి రైలు ఉంది కదా, అదే చూపిస్తుంది. కాండీ నుంచి ఎల్ల వెళ్లే రైలు నువర ఎలియ దగ్గరి నాను ఓయ దాటి పైకి పాకి పట్టిపొల స్టేషన్ చేరుతుంది, సుమారు 1,890 మీటర్లు, అక్కడి రైల్వేలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అదే. దాని తర్వాత ఒక సొరంగం. ఆగస్టులో ఇటువైపు పొగమంచు, సన్నటి జల్లు, కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు షాల్ కప్పుకుని ఉంటారు. సొరంగంలోంచి బయటపడితే ఎండ. మొదటిసారి నేను చూసినప్పుడు బోగీలో పిల్లలంతా ఒక్కసారి అరిచారు. ప్రతి ట్రిప్పుకూ ఇలా జరుగుతుందని హామీ ఇవ్వలేను గానీ అవతలివైపు, అంటే ఊవా వైపు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పొడి. టీ వ్యాపారం వాళ్లనడిగినా ఇదే చెప్తారు, ఊవా టీకి మంచి వాసన పట్టేది ఆ పొడిగాలి కొట్టే జూలై-సెప్టెంబర్‌లో, పడమటి వాలున డింబుల టీకి జనవరి-మార్చిలో. ఒకే కొండకు రెండు వైపులా రెండు రుచులు, రెండు సీజన్లు. ఆ రైలుకు రిజర్వ్ సీట్లు మాత్రం నెల ముందు తెరుస్తారు, చటుక్కున అయిపోతాయి, తిరుపతి టికెట్ల లాగా కాచుకుని కూర్చోవాలి.

ఇంత చెప్తున్నాను గానీ నేనూ మీలాగే మోసపోయినవాణ్నే. మోసం అనకూడదు, నా తెలివి తక్కువ. కొన్నేళ్ల కిందట డిసెంబర్ 26న ట్రింకోమలీ పక్కనున్న నిలావెలిలో బీచ్ ఎదురుగా రూము, క్యాన్సిల్ చేస్తే పైసా తిరిగిరాదు, అందుకే చవగ్గా వచ్చింది. దిగేసరికి బీచ్ కుర్చీలన్నీ బోర్లించి తాళ్లతో కట్టేసి ఉన్నాయి. సముద్రం బూడిద రంగు. పావురాల దీవికి పడవల్లేవు. హోటల్ కుర్రాడు జాలిగా చూసి "మేలో రండి సార్" అన్నాడు. మూడు రోజులు మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది, ఆ మూడు రోజులూ మేం పేకాట ఆడాం, నేనే ఓడాను. తీరా కొలంబో వచ్చి చూస్తే అక్కడ చొక్కా తడిసేంత చెమట, మబ్బు జాడ లేదు. ఆరు గంటల ప్రయాణం దూరంలో.

ఇక మీ మూడు సెలవుల సంగతి.

డిసెంబర్ ఆఖరు. తప్పదంటే వెళ్లండి, కానీ తూర్పు వదిలేసి నైరుతి తీరానికి. బెంటోట, గాల్ కోట, ఉనవటున, మిరిస్సా. ఆ రోజుల్లో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, మిరిస్సా నుంచి పొద్దున్నే పడవలో వెళ్తే నీలి తిమింగలాలు కనబడే అవకాశం గట్టిగా ఉంటుంది, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అక్కడ అదే సీజన్. ఇంటర్నెట్ చెప్పే డిసెంబర్-మార్చి బెస్ట్ అన్నది ఈ తీరానికి. కొండలకు ఆ మాట జనవరి సగం నుంచి నిజం, డిసెంబర్ ఆఖరుకి కాండీ, నువర ఎలియలో ఇంకా తడి పూర్తిగా పోదు. ఇంకో చిక్కు, క్రిస్మస్‌కు చలిదేశాల వాళ్లంతా అక్కడే దిగుతారు, హోటల్ రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. మీ అత్తగారి దర్శనం దీంట్లో కలపాలని చూడకండి. మిరిస్సా దక్షిణపు అంచు, ట్రింకోమలీ ఈశాన్య మూల. పిల్లలు వ్యాన్‌లో వాంతులు చేసుకోవడం తప్ప ఏం మిగలదు.

మే నెల. మొదటి పక్షం అయితే నాకు అభ్యంతరం లేదు. ట్రింకోమలీ సముద్రం చెరువులా ఉంటుంది, పావురాల దీవి దగ్గర మోకాలి లోతులోనే పగడాల మధ్య రంగురంగుల చేపలు. ఎండ గట్టిదే, కానీ ఇక్కడ కత్తిరి ఎండలో మాడుతున్న మనకు అది లెక్కలోది కాదు. కొండల్లో మాత్రం రోజూ మధ్యాహ్నం ఉరుముల వాన ఉంటుందనుకునే బయల్దేరాలి, చూడాల్సింది పొద్దున్నే చూసేసి రూముకు చేరాలి. మే 20 దాటితే నేను వద్దనే అంటాను. నైరుతి వచ్చే వేళ అది, కొన్నేళ్లు మెల్లగా వస్తుంది, కొన్నేళ్లు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. 2016 మేలో అరనాయక దగ్గర కొండచరియ ఊళ్లను పూడ్చేసింది, 2017 మేలో రత్నపుర, కలుతర వైపు వరదలు. ఇంకో మాట, మేలో పౌర్ణమికి వెసాక్ పండగ. ఊరూరా కాగితపు దీపాలు, దారిలో పోయేవాళ్లకు ఉచితంగా అన్నం పెట్టే పందిళ్లు, కన్నులపండగే, కానీ ఆ రెండు మూడు రోజులు రూములు దొరకవు, రోడ్లు కదలవు. ప్రతి పౌర్ణమీ అక్కడ పోయ సెలవే, ఆ రోజు మందు షాపులు మూసేస్తారు. మీవారికి అవసరమైన సమాచారం అయితే చెప్పండి, లేకపోతే వదిలేయండి.

క్వార్టర్లీ సెలవులు. మీ ఇంటికి నేను పెట్టే ఓటు దీనికే.

సెప్టెంబర్ ఆఖరంటే తూర్పున పొడి రోజులు ఇంకా అయిపోవు, ట్రింకోమలీలో పిల్లలు నీళ్లల్లో దిగొచ్చు. అక్టోబర్ సగం దాటాక ఆ కథ మారుతుంది, మీరు అప్పటికి ఇంట్లో ఉంటారు. సెప్టెంబర్‌లో ఇంకో గొప్ప సంగతి, ఏనుగులు. హబరణ దగ్గర మిన్నేరియ అని మహాసేనుడనే రాజు తవ్వించిన పెద్ద చెరువు ఉంది, పదిహేడు వందల ఏళ్ల నాటిది. ఎండాకాలం ముదిరి నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడ్డ నేల మీద లేత గడ్డి మొలుస్తుంది, చుట్టుపక్కల అడవుల్లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి, దాంతో ఏనుగుల గుంపులన్నీ అక్కడికే దిగుతాయి. వందల్లో. ఆగస్టు, సెప్టెంబర్ దానికి నడి సీజన్. జూలో గొలుసు కట్టిన ఏనుగును చూసిన పిల్లలు సాయంత్రం నాలుగింటికి ఆ చెరువు గర్భంలో నూరు ఏనుగులు పిల్లలతో సహా మేస్తుంటే చూడటం వేరు. పొలాలకు నీళ్ల కోసమని చెరువు నిండా పెట్టిన ఏడాది గడ్డి మునిగిపోతుంది, అప్పుడవి పక్కనున్న కౌడుల్లకు పోతాయి. ఏ చెరువు దగ్గరున్నాయో ఆ పొద్దున జీపు డ్రైవర్లకు తెలుస్తుంది, వాళ్ల మాట వినండి, ప్యాకేజీ కాగితంలో మిన్నేరియ అని రాసుందని పట్టుబట్టకండి. చిరుతపులి కావాలి, యాల పార్కుకు వెళ్దాం అని మీవారు అంటే మాత్రం ఆపండి, అక్కడ అందరూ వెళ్లే మొదటి బ్లాకును ఎండలకు మామూలుగా సెప్టెంబర్‌లోనే మూస్తారు.

శాంకరీదేవి సంగతి. "లంకాయాం శాంకరీదేవి" అని పద్దెనిమిది పీఠాల శ్లోకం ఆమెతోనే మొదలవుతుంది కదా, ఆ తర్వాతి పేరు మన కంచి కామాక్షిది, మీ అత్తగారు నోటికి చెప్తారు. గుడి ట్రింకోమలీలో కోణేశ్వర స్వామి ఆలయం పక్కనే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ అంచున. పాత ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు కూలగొట్టి ఆ రాళ్లతో కోట కట్టారు, ఇప్పుడున్నది తర్వాతది. పైదాకా కాస్త ఎక్కుడు ఉంటుంది, మోకాళ్ల నొప్పులుంటే పొద్దున్నే, రాయి కాలకముందే తీసుకెళ్లండి, చెప్పులు కిందే వదలాలి. దర్శనానికి సీజన్ లేదు, వానలోనూ అమ్మవారు అక్కడే ఉంటుంది. కానీ డిసెంబర్ గాలివానలో ఆ కొండ అంచున పెద్దావిడను గొడుగుతో నడిపించడం ఎందుకు చెప్పండి. ట్రింకోమలీలో తమిళం నడుస్తుంది, ఇడ్లీ దోసె దొరుకుతుంది, మీకు చెన్నై తమిళం వచ్చు కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు, వాళ్ల తమిళం మనదానికన్నా శుభ్రంగా ఉంటుంది, రెండు నిమిషాలు చెవికి అలవాటు కావాలి అంతే.

మరి సెప్టెంబర్‌లో కొండలో? ఒప్పుకుంటున్నాను, నువర ఎలియకు అది మంచి నెల కాదు. మబ్బు, జల్లు, చలి. ఊరు 1,868 మీటర్ల ఎత్తున ఉంది, పగలు ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ. అక్కడికి దగ్గర్లోనే సీతా ఎలియ గుడి, దాన్ని అశోకవనం అంటారు, పక్కన వాగు, బండ మీద హనుమంతుడి పాదాలని చూపిస్తారు. ఆ వాగు నిండా పారుతుంటే చూడటం నాకైతే ఎండలో కన్నా బాగనిపించింది. కాబట్టి ఒక్క రాత్రి చాలు. హార్టన్ మైదానాలు, వరల్డ్స్ ఎండ్ అనే కొండ అంచు లిస్టులో ఉంటే కొట్టేయండి, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిల్లల్ని ఈడ్చుకెళ్తే తెల్లటి పొగమంచు గోడ తప్ప ఏమీ కనబడదు. అది జనవరి-మార్చి పని. రైలు మాత్రం ఎక్కండి, నాను ఓయ నుంచి ఎల్ల వైపు. ఇందాక చెప్పిన సొరంగం దాటాక ఊవా వైపు ఎండ దొరికే అవకాశం ఎక్కువ.

రూట్ నేనైతే ఇలా పెడతాను. కటునాయక ఎయిర్‌పోర్టులో దిగి కొలంబో ఊళ్లోకి పోకుండా నేరుగా హబరణ, నాలుగు గంటల పైచిలుకు. రెండు రాత్రులు అక్కడే: ఒక సాయంత్రం ఏనుగులు, ఒక పొద్దున సిగిరియ బండ కోట. సిగిరియకు గేటు తెరవగానే ఉండాలి, 1,200 మెట్లు, పదింటికి ఆ బండ పెనంలా కాలుతుంది, అత్తగారు కింద తోటలో కూర్చోవడం మంచిది. తర్వాత ట్రింకోమలీ రెండు రాత్రులు, హబరణ నుంచి తొంభై కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడి నుంచి కాండీ ఒకటి, నువర ఎలియ ఒకటి, రైలు, తిరుగు ప్రయాణం. ఏడు రోజులు కావాలి. ఆరే ఉంటే నువర ఎలియ తీసేయండి, ట్రింకోమలీ తీయకండి. బెంటోట, గాల్ పేర్లు ఎత్తొద్దు. ఆ నెలలో అటు ఎర్ర జెండాలు పాతుతారు, కింద లాగేసే ప్రవాహాలు ఉంటాయి, ఈత వచ్చినవాళ్లే కొట్టుకుపోతారు, మీ నాలుగో తరగతి పిల్లల్ని... సారీ, మీరు తరగతులు రాయలేదు, చిన్నపిల్లలనే అనుకుంటున్నాను, ఎంత పిల్లలైనా దించకండి.

కాండీలో ఉండగా పిల్లలకు ఒకటి చెప్పండి. ఆ రాజ్యానికి చివరి రాజవంశం మదురై వైపు నుంచి వెళ్లిన నాయక్కర్లు, ఇంట్లో తెలుగు మాట్లాడే జనం. 1803లో ఇంగ్లీషువాళ్లు ఫిబ్రవరిలో కాండీ పట్టుకున్నారు, జూన్ వచ్చేసరికి జ్వరాలతో సైన్యం మంచాన పడి మొత్తం పోగొట్టుకున్నారు. మళ్లీ 1815లో వచ్చి ఫిబ్రవరిలో ఊళ్లో దిగి, మార్చి 2కల్లా సంతకాలు కానిచ్చేసుకున్నారు, వానకు ముందే. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను మన వేలూరు కోటకు తెచ్చి ఉంచారు, 1832లో ఇక్కడే పోయాడు. వేలూరు గోల్డెన్ టెంపుల్‌కు మీరు ఎన్నిసార్లు వెళ్లుంటారో, ఆయన సమాధి పాలారు ఒడ్డున ఉంది, ఎవరూ ఆగరు.

తుఫాన్ల విషయం భయపెట్టడానికి కాదు, డిసెంబర్ వద్దనడానికి అదీ ఒక కారణం. నవంబర్, డిసెంబర్‌లలో బంగాళాఖాతంలో లేచేవి మనకు వచ్చేముందు చాలాసార్లు శ్రీలంకను తాకుతాయి. 1978 నవంబర్‌లో బట్టికలోవా తుఫాను, 2020 డిసెంబర్ మొదట్లో బురేవి ట్రింకోమలీ దగ్గర తీరం దాటింది. 2025 నవంబర్ ఆఖర్లో దిత్వా వచ్చి కొండల్లో చరియలు విరిగిపడి వందలమంది పోయారు, అదే తుఫాను తర్వాత మన తీరానికి వచ్చి చెన్నైని నానబెట్టింది. కొండ రైలు మార్గం కూడా అప్పుడు బాగా దెబ్బతింది, కాబట్టి టికెట్ తీసేముందు రైలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడుస్తోందో అడిగి తీయండి.

నాగపట్నం నుంచి ఓడ ఉందట కదా అని ఎవరైనా అంటారు. ఉంది, 2023 అక్టోబర్‌లో కాంకేసన్‌తురైకి మొదలుపెట్టారు, మొదలైన వారానికే ఈశాన్యం వచ్చి ఆపేశారు. సముద్రం బాగున్న నెలల్లో జాఫ్నాకు సరదాగా వెళ్లడానికి బాగుంటుంది. అత్తగారితో వద్దు. గంటన్నరలో కొలంబో చేర్చే విమానం ఉండగా కడుపులో తిప్పించుకోవడం దేనికి.

ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసి ఇలా అడగండి: "డిసెంబర్ 26న ట్రింకోమలీలో బీచ్ మీద ఏ పనులు నడుస్తుంటాయి, పావురాల దీవికి పడవ వేస్తారా, వేయకపోతే డబ్బు వెనక్కిస్తారా?" ఈ మూడో ముక్కకు ఆయన గొంతు మారుతుంది చూడండి. అదే డబ్బుకు సెప్టెంబర్ తేదీలు అడగండి, క్రిస్మస్ రద్దీ లేదు కాబట్టి తగ్గించాలి, తగ్గించకపోతే వేరేవాళ్లను చూడండి, చెన్నైలో శ్రీలంక అమ్మేవాళ్లకు కొదవలేదు. హోటల్ ఏదైనా, వారం ముందు దాకా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి, రెండు వేలు ఎక్కువైనా సరే.

సర్దుకోవడం గురించి: ట్రింకోమలీకి నూలుబట్టలు, టోపీలు. నువర ఎలియకు స్వెటర్లు, పిల్లలకు మేజోళ్లు, అందరికీ వాన కోటు, గొడుగు ఆ కొండగాలికి తిరగబడుతుంది. అత్తగారికి మంకీ క్యాప్ తప్పకుండా పెట్టండి. చెన్నైలో కొనేటప్పుడు "ఈ ఊళ్లో ఇదెందుకే" అని నవ్వుతారు, నాను ఓయ స్టేషన్‌లో దిగగానే ఆవిడే అడిగి తీసుకుంటారు.